పాలూ నీళ్ళూ మిక్సు

విమానం ఎగరేయడం నేర్పమని నా దగ్గరికి వచ్చినవాళ్ళలో కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా వెళ్ళినవాడు లేడు. ఇది గొప్పకే చెబుతున్నాను. పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పినన్నాళ్ళూ నాకు చెడ్డపేరే. రిటైరయ్యాక ఆ చెడ్డపేరును భద్రంగా తెచ్చుకుని విమానాల మీద పెట్టాను. ఆదివారం తెల్లారగానే మదనపల్లె నుంచి మేం కొందరం కార్ల వెనక సీట్లలో రెక్కలూ తోకలూ సర్దుకుని పుంగనూరు దారిలో ఒక ఎండిన చెరువుకు పోయేవాళ్ళం. వానలు సరిగ్గా పడని ఏళ్ళలో ఆ చెరువు మాకు మంచి మైదానం. రైతులు ఆకాశం చూసి వాన రాలేదని తిట్టుకునేవాళ్ళు, మేం అదే ఆకాశం చూసి సంతోషపడేవాళ్ళం. మా సంతోషం అట్లాంటిది.

వాటిని బొమ్మ విమానాలు అన్నవాడి చేతికి నేను రేడియో ఇచ్చేవాణ్ణి కాదు. రేడియో అంటే పాటలు వినేది కాదు. రెండు చేతులతో పట్టుకుని రెండు బొటనవేళ్ళతో రెండు పుల్లలు కదిపితే గాల్లో ఉన్న విమానం మాట వింటుందే, ఆ పెట్టె. చూడవచ్చినవాళ్ళు దాన్ని రిమోట్ అంటారు. అననీ. ఆ పెట్టె లోపల మిక్సులు రాసుకోవాలి. ఒక పుల్ల చెప్పిన మాట దాని రెక్కకే కాక ఇంకోదానికి కూడా కొంత చేరేట్టు చేయడమే మిక్సు. దిగేటప్పుడు రెక్కల వెనక ఉండే పలకలు కిందికి దించుతాం. దించగానే విమానం ముక్కు పైకి లేస్తుంది. లేవకూడదంటే అదే క్షణంలో తోకకు ‘కాస్త కిందికి’ అని చెప్పాలి. ఆ కాస్త ఎంత అన్నదే విద్య. తక్కువైతే ముక్కు లేచి విమానం గాల్లో ఆగిపోతుంది, ఎక్కువైతే నేలను పొడుస్తుంది. ఒక్కొక్కరి విమానానికీ ఆ కాస్త ఎంతో నేనే కూర్చుని రాసిచ్చేవాణ్ణి. రాస్తున్నంతసేపూ తిట్టేవాణ్ణి. తిట్టే నోరూ తిరిగే కాలూ ఊరుకోవంటారు. నా కాళ్ళు అంతగా తిరిగేవి కావు కాబట్టి రెండింటి పనీ నోరే చేసేది.

నేర్పడానికి రెండు రేడియోలు కావాలి. విమానం వినేది గురువు రేడియో మాట ఒక్కటే. శిష్యుడి రేడియో తన మాటను గురువు రేడియోకు పంపుతుంది, గురువు ఒప్పుకుంటే అది విమానానికి చేరుతుంది. ఊళ్ళో అందరూ చేసేది మార్పిడి. గురువు ఒక మీట నొక్కి పట్టుకుంటే పూర్తిగా శిష్యుడిది, వదిలితే పూర్తిగా గురువుది. నాకది నచ్చలేదు. నేను మార్పిడి తీసేసి కూడిక పెట్టాను. శిష్యుడి పుల్ల మాటలో ఇంత భాగం, నా పుల్ల మాటలో ఇంత భాగం, రెండూ కలిసి విమానానికి పోతాయి. ఎవరిది ఎంత అన్నది నా రేడియోలో ఒక మీట మీద ఉంటుంది. దానికి నేను పెట్టిన పేరు పాలూ నీళ్ళూ మిక్సు. శిష్యుడివి పాలు, నావి నీళ్ళు.

అసలు కిటుకు ఇంకొకటుంది. ఎగరేసే ముందు ప్రతివాడూ నేల మీదే పుల్లలు కదిపి, రెక్కలు కదులుతున్నాయో లేదో చూసుకుంటాడు. అప్పుడు మీట పూర్తి పాల మీద ఉంచుతాను. వాడు కదిపినట్టల్లా రెక్కలు కదులుతాయి. వాడికి నమ్మకం కుదురుతుంది. చక్రాలు నేల వదలగానే నేను మీట తిప్పి నీళ్ళు పోస్తాను. వాడికి తెలియదు. విమానం చక్కగా వంగుతుంది, చక్కగా తిరుగుతుంది, వాడి ముఖం వెలిగిపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆహా అంటారు. అప్పుడు చెబుతాను.

“పుల్లలు వదిలెయ్.”

వాడు వదలడు. వదిలితే పడిపోతుందని భయం. గట్టిగా అరిస్తే వదులుతాడు. విమానం పడిపోదు. అట్లాగే తిరుగుతూ ఉంటుంది. వాడు ఒకసారి పైకి చూసి, ఒకసారి నా చేతులు చూస్తాడు. అందరూ నవ్వుతారు. ఆ నవ్వు కోసమే నేనిదంతా చేశానని మా ఆవిడ అనేది. నేను మాత్రం విద్య కోసమే అనేవాణ్ణి. లేని గొప్పను ముందు ఇచ్చి, తర్వాత గుంజుకుంటే తప్ప మనిషికి తన చెయ్యి ఎంతదో తెలియదు. ఇప్పటికీ అదే అంటాను.

టమోటా మండీలో కమీషన్ వ్యాపారం చేసే ఒకాయన నా శిష్యుల్లో ముఖ్యుడు. మండీలో ఆయన గొంతెత్తితే నలుగురు తల తిప్పి చూస్తారు. మా చెరువులో ఆ గొంతు లేచేది కాదు. మొదటిరోజు విమానాన్ని పెద్ద చుట్టు తిప్పి, “అన్నా, సూసినావా? నేనే తిప్పినా!” అన్నాడు.

“వదులు పుల్లలు.”

వదిలాడు. విమానం మరో చుట్టు తిరిగి వచ్చింది. ఆయన ముఖం నల్లబడింది.

“పాలెంతన్నా?” అన్నాడు, పక్కవాళ్ళు పాలూ నీళ్ళ సంగతి చెప్పాక.

“పదో వంతు. అదీ నీ మొగం సూసి పోసింది.”

ఆ పూట కారెక్కి పోయాడు. తర్వాతి ఆదివారం అందరికంటే ముందే వచ్చి కూర్చున్నాడు. తిట్లు తిన్నవాడే నిలబడతాడని నాకు తెలుసు.

ఇంకో ఆచారం కూడా నేనే పెట్టాను. విమానం పడేసినవాడు ముక్కలన్నీ తనే ఏరుకుని, తన తువ్వాల్లోనే మూట కట్టి, నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ ఒక చుట్టు నడవాలి. మిగతావాళ్ళంతా నిలబడి చప్పట్లు కొట్టాలి. మూట దించేదాకా ఆపకూడదు. జాలిపడి ఎవరైనా ఆపితే వాళ్ళూ నడవాలి. ఒకరిద్దరికి ఇది నచ్చక మానుకున్నారు. మంచిదే అయింది, మైదానం ఖాళీ అయింది.

నాకు ఒక్కతే కూతురు. అప్పుడు డిగ్రీ చదువుతుండేది. తనే అడిగింది నేర్పమని. కూతురని పద్ధతి మార్చలేదు. ఆరోజు మా ఆవిడ కూడా చిత్రాన్నం డబ్బా పట్టుకుని చెరువుకు వచ్చింది. కూతురు ఎగరేయడం చూస్తానని వచ్చింది తప్ప ఆమెకు విమానాల మీద ప్రేమేమీ లేదు. అమ్మాయి విమానం లేపింది. రెండు మూడు చుట్లు తిప్పింది. పుంగనూరు పొట్టి ఆవులు కొన్ని అవతలి గట్టున మేస్తుంటే వాటి మీదుగా పోనిచ్చి వెనక్కు తెచ్చింది. నేను పుల్లలు వదలమనబోయేలోపే అడిగింది.

“నాయనా, దించేది కూడా నేనే దించుతా.”

“దించు,” అన్నాను.

దిగింది. దుమ్ము లేపకుండా మెత్తగా దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ డబ్బా కింద పెట్టి మరీ కొట్టింది. పిల్ల వాళ్ళమ్మ వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నాకింకా గుర్తుంది. అప్పుడు చెప్పాను.

“దించింది నువ్వు కాదు. లేసినప్పట్నుంచీ పాలు ఒక్క సుక్క లేదు. అంతా నా నీళ్ళే.”

తను ఏడవలేదు. తన బొటనవేళ్ళు రెండూ తిప్పి చూసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది.

“అమ్మ ముందర యాల చెప్పినావు?”

“అమ్మ ముందర యాల ఎగరేసినావు?” అన్నాను.

మా ఆవిడ డబ్బా తీసుకుని కారులో కూర్చుంది. తర్వాత ఎప్పుడూ ఆమె ఆ చెరువుకు రాలేదు. అమ్మాయి మాత్రం వచ్చింది. ప్రతి ఆదివారం వచ్చింది. ఏడాది తిరిగేసరికి మాలో ఎవరికీ అందనంత ఎత్తుకు పోయింది. గాలిని నాకంటే ముందే పసిగట్టేది. మిక్సులు కూడా నాకంటే శుభ్రంగా రాసేది. చదువయ్యాక కుప్పంలో ఒక కాలేజీలో ల్యాబు చూసే ఉద్యోగం వచ్చి అక్కడే గది తీసుకుంది. శనివారం సాయంత్రానికి మదనపల్లె వచ్చేది. ఇదంతా నా పద్ధతి గొప్పతనమేనని అందరి దగ్గరా చెప్పుకున్నాను.

తర్వాత నా కుడి చేతి బొటనవేలు వణకడం మొదలైంది.

మొదట కాఫీ కప్పు చెప్పింది. సాసరు మీద పెడుతుంటే టకటకమని చప్పుడు. మా ఆవిడ కొన్నాళ్ళకు సాసరు ఇవ్వడం మానేసింది. డాక్టరు నా చెయ్యి ముందుకు చాపించి, వేళ్ళు మూయించి తెరిపించి, “ఇది తగ్గేది కాదు సార్, మెల్లగా పెరుగుతుంది. మందులేసుకుంటే కొంచెం నెమ్మదిస్తుంది” అన్నాడు. ఆయనది పాతికేళ్ళ కుర్రవాడి ముఖం. ఆ ముఖంతో నాకు ఆ మాట చెప్పినందుకు చాలా రోజులు ఆయన మీదే కోపంగా ఉన్నాను.

ఎవరికీ చెప్పలేదు. రేడియోలో రాసుకున్నాను. పుల్ల నడిమధ్యలో ఉన్నప్పుడు చిన్న చిన్న కదలికలు లెక్కచేయవద్దని రాశాను. రెక్కలు ఒక్కసారిగా కాకుండా నిదానంగా కదలాలని రాశాను. అయినా విమానం గాల్లో తల ఊపేది. చూసేవాళ్ళతో గాలి ఎక్కువగా ఉందనేవాణ్ణి. ఆకు కూడా కదలని పొద్దుల్లో కూడా అన్నాను. ఎవరూ మారు మాట్లాడలేదు. నన్ను చూసి వాళ్ళు మాట్లాడకుండా ఉండటం మొదలైంది అప్పుడే.

ఒక ఆదివారం దించబోతుంటే వేలు ఒక్కసారిగా ఎగిరిపడింది. విమానం పోయి గట్టు మీది తుమ్మచెట్టును కొట్టుకుంది. కింద మేస్తున్న పొట్టి ఆవు ఒకటి తల ఎత్తి చూసి మళ్ళీ మేత మేసింది. ముల్లు గుచ్చుకుంటుంటే ముక్కలు ఏరుకున్నాను. నా తువ్వాల్లో మూట కట్టాను. ఆచారం నాకు కూడా ఆచారమే. నెత్తిన పెట్టుకుని నడిచాను. చప్పట్లు సరిగ్గా పడటం లేదు. మండీ ఆయన అరచేతులు అంటీ అంటకుండా తాకిస్తున్నాడు.

“గట్టిగా కొట్టప్పా! పొద్దున ఏం తిన్లేదా?” అని అరిచాను.

కొట్టాడు. అమ్మాయి మాత్రం మొదటినుంచీ గట్టిగానే కొట్టింది. చూసి ముచ్చటపడ్డాను. నా బిడ్డ అనుకున్నాను.

ఆ సాయంత్రం కుప్పం పోతూ నా రేడియో అడిగింది.

“నాయనా, దీని లోపల సాఫ్ట్‌వేరు పాతదైపోయి ఉండాది. ల్యాబులో కొత్తది ఎక్కించి తెస్తా. విమానం కూడా నేనే కట్టిస్తాలే, రేడియో మాట వినే రిసీవరు మంచిది వేసి.”

ఇచ్చాను. కొన్ని వారాల తర్వాత రేడియోతో పాటు తెల్ల రెక్కల విమానం ఒకటి తెచ్చింది. నేల మీద పుల్లలు కదిపి చూశాను. అన్నీ చెప్పినట్టు కదిలాయి. లేపాను. వణుకు లేదు. తల ఊపడం లేదు. చెయ్యి బాగున్న రోజుల్లో నేను ఎట్లా ఎగరేశానో అట్లా ఎగిరింది. నా వేలు పుల్ల మీద వణుకుతూనే ఉంది, పైన విమానం నిశ్చలంగా పోతూనే ఉంది.

“ఏం మార్చినావు పాపా దీంట్లో?” అన్నాను.

“నువ్వు రాసిందే నాయనా. కొంచెం సరిచేసినా, అంతే.”

నేను రాసిందే అన్న మాట దగ్గర నా బుర్ర ఆగిపోయింది. వణుకును ఓడించే మిక్సు రాసినవాణ్ణి నేనేనని నమ్మాను. ఆ తర్వాతి నెలల్లో నేను మాట్లాడిన మాటలు తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతుంది. ఎవరైనా విమానం కాస్త అటూ ఇటూ ఊపితే “నీకేమైనా జబ్బా? నా చెయ్యి సూడు, నా విమానం సూడు” అనేవాణ్ణి. వణికే చేతిని ఎత్తి మరీ చూపించేవాణ్ణి. మండీ ఆయన, “ఈ వయసులో ఏం సెయ్యి అన్నా అది!” అనేవాడు. మిగతావాళ్ళు తలలూపేవాళ్ళు. ఆ డాక్టరును పిలిపించి చూపించాలని కూడా ఒకసారి అనుకున్నాను.

చూడాల్సినవి కళ్ళముందే ఉన్నాయి. అమ్మాయి తన విమానం తేవడం మానేసింది. అడిగితే ల్యాబులో రిపేరులో ఉందనేది. కానీ తన రేడియో మాత్రం మెడలో వేలాడుతూనే ఉండేది. నేను ఎగరేస్తున్నంతసేపూ నా కుడి భుజం వెనక నిలబడేది. “నీకు అడ్డొచ్చేవాళ్ళని సూస్తా ఉంటా” అనేది. నా రేడియో తెర మీది అక్షరాలు చిన్నవి, ఎండలో నాకు కనిపించవు, కళ్ళద్దాలు పెట్టుకోవడం నామోషీ. బ్యాటరీ అయిపోకముందే దించమని, టైము అయిందని రేడియో పిలిచే పిలుపు ఎప్పటిలాగే వచ్చేది కాబట్టి ఇంకేం చూసుకోవాలి అనుకున్నాను. ఎంతోమందిని బుట్టలో వేసిన కిటుకును నేనే పట్టుకోలేకపోయాను. అందరి ఇళ్ళకూ తాళాలు చేసిచ్చేవాడి ఇంట్లో దొంగలు పడ్డట్టే.

అనుమానం ఒక గాలి రోజున వచ్చింది. హార్స్లీ హిల్స్ వైపు నుంచి ఒక్క ఉదుటున గాలి వచ్చి విమానం ఎడమ రెక్కను ఎత్తేసింది. నేను కుడిచేతి పుల్లను ఎడమకు నొక్కి రెక్క దించాలి. నొక్కాలని నా బుర్రకు తోచేలోపే రెక్క దిగిపోయింది. నేను పుల్లను ఇంకా కదపలేదు. కదపలేదని నాకు ఖాయంగా తెలుసు, ఎందుకంటే ఈమధ్య నా వేలు నా మాట వినడానికి కొంచెం సేపు పడుతుంది. ఆ కొంచెం సేపు నాకు బాగా తెలిసిన సేపు.

దించాను. లేదా అది దిగింది. ఆ వారమంతా అన్నం సహించలేదు. మా ఆవిడ అడిగితే పులుపెక్కువైందని చారు మీద పెట్టాను.

అమ్మాయి కాలేజీలో పిల్లలకు విమానాలు చూపించే రోజు ఒకటి పెట్టుకున్నారు. నన్ను ముఖ్య అతిథి అన్నారు. మండీ ఆయనా మిగతావాళ్ళూ అంతా రెండు కార్లలో కుప్పం వచ్చారు. కాలేజీ వెనక పెద్ద మైదానం, దాని అంచున మనుషులెక్కని బండరాళ్ళు. పిల్లలు సగం మంది తెలుగులో, సగం మంది అరవంలో కేకలు వేస్తున్నారు. మైకులో ఒకాయన నా గురించి చెబుతూ, ‘చేతులు వణికే వయసులో కూడా...’ అన్నాడు. ఆయనకేం తెలుసు, వాడుక మాట అనేశాడు. మా వాళ్ళంతా నేల చూపులు చూశారు. అప్పుడు నాకు ఇంకో సంగతి అర్థమైంది. వాళ్ళందరికీ తెలుసు.

నేల మీద పుల్లలు కదిపాను. రెక్కలు కదిలాయి. అమ్మాయి వచ్చి నా కుడి భుజం వెనక నిలబడింది. లేపాను. ఒక చుట్టు తిప్పాను. విమానాన్ని జనం మీదకు కాకుండా బండరాళ్ళ వైపుకు పోనిచ్చాను. బాగా దూరం పోయాక కుడి పుల్లను చివరంటా ముందుకు నెట్టాను.

ముందుకు నెడితే విమానం ముక్కు కిందికి పెట్టి నేలకు దూకాలి. బండల మీద పడి తునాతునకలు కావాలి. కావాలనే నెట్టాను. అది పడాలని ఆ క్షణంలో నేను కోరుకున్నంత గట్టిగా నా జీవితంలో ఏదీ కోరుకోలేదు. పడితే అది నా విమానం. ముక్కలు నావి, మూట నాది. నెత్తిన పెట్టుకుని తలెత్తుకుని నడుస్తాను.

పడలేదు. అందంగా కుడికి వంగి, బండల మీదుగా తిరిగి మైదానం వైపు వచ్చింది. నేను పుల్లను వెనక్కు లాగాను. ఎడమకు కొట్టాను. కుడికి కొట్టాను. రెండు పుల్లలూ కలిపి పిచ్చివాడిలా తిప్పాను. విమానం పైకి లేచి గాల్లో గుండ్రంగా ఒక పల్టీ కొట్టింది. పిల్లలు ఈలలు వేశారు. నేను రెండు బొటనవేళ్ళూ ఎత్తేశాను. పుల్లలు వదిలెయ్ అని నాకెవరూ చెప్పలేదు. నాకు నేనే చెప్పుకున్నాను. తెల్ల రెక్కల విమానం నిదానంగా వచ్చి, పలకలు దించి, దుమ్ము లేపకుండా దిగింది.

చప్పట్ల హోరులో వెనక్కు తిరిగాను. గురువు రేడియో అయి కూర్చున్న తన రేడియో మీటను అమ్మాయి మెల్లగా యథాస్థానానికి తిప్పుతోంది. దాచుకోలేదు.

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“తుమ్మసెట్టుకు కొట్టినప్పట్నుంచి.”

“పాలెంత?”

“నేల మీద పూరా నీవే. పైకి లేసినాక ఉత్త నీళ్ళే నాయనా.”

“నాకు యాల చెప్పలేదు?”

“చెప్తే ఎగరేసేటోడివా?”

“నేను ఎవర్నీ ఇన్నాళ్ళు మోసం చేయలేదు పాపా. ఆ పూట మోసం ఆ పూటే చెప్పేసినా.”

“చెప్పినావు,” అంది. “అందరి ముందర చెప్పినావు. నేను ఎవరి ముందరా చెప్పలేదు. చెప్పకుండానే ఉందామనుకుంటి. నువ్వే తవ్వుకున్నావు.”

“జాలిపడి చేసినావా, కసితో చేసినావా?”

నా ముఖంలోకి చూసింది. వాళ్ళమ్మ కళ్ళు తనవి.

“మొదట జాలే,” అంది. “తర్వాత నువ్వు ఆ సెయ్యెత్తి చూపించి అందర్నీ తిడతా ఉంటే, వారం వారం కొంచెం కొంచెంగా రెండోది కూడా కలిసింది. ఎంతెంత అని అడగొద్దు. నాకే తెలీదు.”

ఆ పిల్ల చెంప పగలగొట్టాలనిపించింది. కాళ్ళు పట్టుకోవాలని కూడా అనిపించింది. రెండూ చేయలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తలదన్నేవాడుంటాడని పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో. ఆ రెండోవాడు ఆడపిల్ల అవుతుందని, నా ఇంట్లోనే అన్నం తిని పెరుగుతుందని అనుకోలేదు.

ఇంతలో మైకు ఆయన వచ్చి నన్ను మైదానం మధ్యలోకి తీసుకుపోయాడు. మండీ ఆయన చేతుల మీదుగా శాలువా కప్పించారు. శాలువా కప్పుతూ ఆయన నా చెవిలో, “అన్నా, మన్నించన్నా” అన్నాడు. ఫొటోలు తీశారు. నన్ను రెండు మాటలు మాట్లాడమన్నారు.

శాలువా తీసి నేల మీద పరిచాను. కొత్త శాలువా, అంచున జరీ మెరుస్తోంది. మెడలోంచి నా రేడియో తీసి దాని మధ్యలో పెట్టాను. నాలుగు కొసలూ కలిపి ముడి వేయబోతే వేళ్ళు సహకరించలేదు. ముడి జారిపోయింది. మళ్ళీ వేశాను. మళ్ళీ జారింది. మండీ ఆయన వంగి సాయం చేయబోతే చేతితో తోసేశాను. చివరికి ముడి పడింది. మూట ఎత్తి నెత్తిన పెట్టుకుని మైదానం చుట్టూ నడవడం మొదలుపెట్టాను.

కాలేజీ పిల్లలు అది కూడా ఆటలో భాగమే అనుకుని చప్పట్లు అందుకున్నారు. మా వాళ్ళు మాత్రం కొట్టలేదు. మండీ ఆయన ముఖానికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళ ముఖాలు చూసి పిల్లలకేదో అనుమానం వచ్చింది. ముందు వరసలో ఉన్నవాళ్ళు ఆపేశారు. తర్వాత వెనక ఉన్నవాళ్ళూ ఆపేశారు. నా చెప్పుల చప్పుడు నాకే వినిపించేంత నిశ్శబ్దమైంది. మూట లోపల రేడియో ఇంకా ఆపలేదేమో, టైము అయిందని ఒకసారి పిలిచింది.

ఆ నిశ్శబ్దంలో ఒక్క జత చేతులు మోగుతున్నాయి. తల తిప్పితే మూట పడిపోతుంది కాబట్టి తిప్పలేదు. తిప్పాల్సిన పని కూడా లేదు. తెగకుండా, తొందరపడకుండా, తుమ్మచెట్టు రోజున కొట్టినట్టే గట్టిగా కొడుతోంది. జాలిపడి ఆపితే వాళ్ళూ నడవాలి. ఆ రూలు పెట్టింది నేనే.

బండల దగ్గర మలుపు తిరిగాను. పిల్లల ముందు నుంచి నడిచాను. బయలుదేరిన చోటికి వచ్చి, వంగి, మూట నేల మీద దించాను. అప్పుడు ఆపింది నా కూతురు.